సంతలో మా అత్త గొంతు

నేను పుట్టి పెరిగింది కోయంబత్తూరు పీలమేడులో. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. మాకు కూరగాయలంటే షిఫ్టు విడిచాక నాన్న సైకిలు హ్యాండిలుకు తగిలించుకొని వచ్చే సంచి. అందులో ఏముందో చూసి అమ్మ మొహం చిట్లించడమో, సంతోషపడటమో జరిగేది. అవి ఏ ఊరి నుంచి వచ్చాయి, ఎవరు కోశారు అని మా ఇంట్లో ఎవరూ అనుకున్నది లేదు. తాతల నాడు మాకూ పత్తి చేలుండేవట. ఇప్పుడు ఆ చోట కాలేజీ హాస్టళ్ళున్నాయి. చేలు పోయినా మాట పోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మా తాత అరుగు మీద సుద్దముక్కతో రాసి దిద్దించాడు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

నన్ను మదురై జిల్లాలో వాడిపట్టి పక్కన ఒక పల్లెకు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు ఇచ్చారు. మా ఆయన వాడిపట్టిలో పంపుసెట్టు మోటార్లకు వైండింగు చేసే షాపులో ఉండేవాడు. వ్యవసాయమంతా అత్తమామలదే. పెద్ద వ్యవసాయమేమీ కాదు. కొంచెం వరి, గట్టు వెంబడి కొబ్బరి చెట్లు, బావి పక్కన ఒక చిన్న చెక్కలో వంకాయ. ఆ వంకాయ చెక్క మా అత్తది. కాగితాల్లో మామ పేరే ఉన్నా, ఊళ్ళో అందరూ దాన్ని ఆమె తోట అనే అనేవారు.

మా అత్త మాట తక్కువ మనిషి. ఆమె చెప్పేది వినాలంటే వెళ్ళి పక్కన కూర్చోవాలి. పెళ్ళయిన కొత్తలో నా మీద కోపం ఉందేమో అనుకొని భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఆమె అందరితోనూ అంతేనని. తెల్లారి తోటలోకి పోతే ఎండ ముదిరేదాకా వంగిన నడుము ఎత్తేది కాదు. కోసిన ప్రతి కాయనూ చీర కొంగుతో తుడిచి, కాడ దగ్గర పురుగు రంధ్రముందేమో చూసి గంపలో పెట్టేది. పుచ్చు కాయ కనిపిస్తే ఆవుకు. గంపలోకి పోయిన కాయ ఇక చూసుకోనక్కర్లేదు.

పండించడం ఆమె వంతు, అమ్మడం మామ వంతు. మామ గోనెసంచి కట్టుకొని ఊరివాళ్ళ టెంపోలో మాట్టుతావణి హోల్‌సేలు మార్కెట్టుకు పోయేవాడు. అక్కడ ఒక మండీలో సంచి దింపితే వాళ్ళే వేలం వేసి, కమీషను, కూలీ పట్టుకొని మిగిలింది చేతిలో పెట్టేవారు. మధ్యాహ్నానికి వచ్చి చొక్కా వంకెకు తగిలించి కూర్చునేవాడు. అత్త మజ్జిగ ఇచ్చి అడిగేది.

"ఎట్ల పోయింది?"

"పోయింది."

అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మార్కెట్టు గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఇంతేనని అత్త తర్వాతెప్పుడో నాతో చెప్పింది.

ఒక వానాకాలం మామ బావి మెట్ల మీద పాచికి కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. ఇంటికి తీసుకొచ్చి నడింట్లో మంచం వేసి పడుకోబెట్టాం. మా ఆయనకు షాపులో సెలవు దొరకదు. వంకాయలకు మాత్రం మామ కాలి సంగతి తెలియదు కదా, అవి దిగుతూనే ఉన్నాయి. పక్కింటాయన మండీకి పోతుంటే ఆయన చేత సంచి పంపాం. ఆయన సాయంత్రం వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు.

"కాయలో పుచ్చులు ఎక్కువని ధర తగ్గించేసినారు వదినా. నేనేమి చెప్పేది?"

 ఆయన వెళ్ళాక అత్త గడప మీద కూర్చొని చాలాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత నాతో, "పుచ్చా? నేను ఏరిన కాయలోనా?" అంది. ఆ గొంతులో బాధ కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఆమెను అలా అవమానపరచవచ్చని అప్పటిదాకా ఆమెకు తట్టినట్టే లేదు.

మరుసటి రోజు పొద్దున మామకు కాఫీ ఇస్తూ చెప్పింది.

"ఈసారి నేనే తీసుకోని పోతాను."

"యాడికి? మాట్టుతావణికా? ఆ లారీల నడమ నువ్వు యాడ నిలబడతావు?"

"మండీకి కాదు. ఉళవర్ సందైకి. కోడలు వస్తాది నాతో."

ఉళవర్ సందై అంటే ప్రభుత్వం పెట్టిన రైతు సంత. మధ్యలో దళారి ఉండడు. పండించినవాళ్ళే కూర్చొని అమ్ముకోవాలి. చోటుకు బాడుగ లేదు, తక్కెడ వాళ్ళే ఇస్తారు. కాకపోతే రైతు అని గుర్తింపు కార్డు కావాలి. మదురైలో అలాంటి సంత ఉందని అందరికీ తెలుసు. మా ఊరినుంచి పోయేవాళ్ళు మాత్రం ఒకరో ఇద్దరో. రోజంతా కూర్చొని చిల్లరగా అమ్మడం ఎవరివల్ల అవుతుందని మిగతావాళ్ళ మాట. నాకూ అదే దిగులు. కానీ "కోడలు వస్తాది" అని నన్ను అడగకుండా చెప్పేసింది కాబట్టి నేనూ గమ్మున ఉండిపోయాను.

కార్డు కోసం అర్జీ పెట్టాం. వ్యాపారులు రైతుల్లాగా వచ్చి కూర్చుంటున్నారని అధికారులు తోట చూడందే కార్డు ఇవ్వరు. ఒక అధికారి స్కూటరు మీద వచ్చి గట్టు మీద నిలబడి, "అమ్మా, ఇది మీరు చేసే తోటేనా?" అని తమిళంలో అడిగాడు. అత్త బదులు చెప్పకుండా అప్పుడే కోసిన కాయలు చేటలో పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన నవ్వి రాసుకున్నాడు. ఫోటో తీస్తే అత్త కళ్ళు మూతపడ్డాయి. ఇంకోటి తీద్దామంటే, "చాలు సామీ, కాయలు తెచ్చేది నేనే కదా, ఫోటో కాదే" అంది.

మొదటి రోజు ఇంకా చీకటి విడవక ముందే బస్సెక్కాం. నేను సంచి, అత్త గంప. సంత చేరేసరికి మాకంటే ముందే చాలామంది వచ్చి వరుసలో ఉన్నారు. ముందు వచ్చినవాళ్ళకు ముందు చోటు. మాకు చిట్టచివర, కుళాయి పక్కన సిమెంటు అరుగు దొరికింది. పైన రేకుల కప్పు. వాకిట్లో పెద్ద నల్లబోర్డు, దాని మీద ఆ రోజు ఏ కూర ఏ ధర అని సుద్దతో రాసి ఉంది. అత్తకు చదువు రాదు. వంకాయ ధర ఎంతో నేను చదివి చెప్పాను. ఆమె నమ్మలేదు.

"ఇంకోసారి చూడు. మన కాయకా ఆ ధర?"

"మన కాయకే అత్తా."

ఆమె బోర్డు వైపు కాసేపు చూస్తూ నిలబడింది. చదవడం రాకపోయినా.

ధర బాగానే ఉంది. కొనేవాళ్ళు మా దాకా వస్తే కదా! వాకిలి దగ్గరే సంచులు నింపుకొని తిరిగి వెళ్ళిపోతున్నారు. పక్క అరుగు మీద ఆకుకూరలు పెట్టుకున్న ఒకామె మాత్రం చివర కూర్చొని కూడా జనాన్ని లాక్కొస్తోంది. నల్లగా, దిట్టంగా, ముక్కుకు రెండు వైపులా రాళ్ళ పుడకలు. అత్త కంటే ఒకటి రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. "వా తాయీ వా! పచ్చపసేల్ కీరై!" అని, రా తల్లీ, పచ్చపచ్చటి ఆకుకూర అని కేక పెడితే వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా తల తిప్పి చూస్తున్నారు. తోటకూర, మునగాకు, కొత్తిమీర కట్టలు కట్టలుగా పోతున్నాయి.

అత్త నోరు తెరవలేదు. తుడిచిన కాయలనే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. ఇక నేనే పిలవాలి. సిగ్గు చంపుకొని, "వాంగక్కా, కత్తిరికాయ్ పారుంగ" అన్నాను, రండక్కా, వంకాయలు చూడండి అని. మా కోయంబత్తూరులో ఎవరితో మాట్లాడినా మర్యాదగా చివర ఆ 'ంగ' తగిలించాల్సిందే. మదురై మాట అలా కాదు, బిగువుగా, సూటిగా ఉంటుంది. నా పిలుపు విని ఒకామె ఆగి, "కోయంబత్తూరు పిల్లవా?" అని నవ్వింది. ఆకుకూరలామె కూడా పకపకా నవ్వి, "ఇట్ల బతిమాలితే వంకాయ కొంటారా, పెళ్ళి పిలుపు అనుకుంటారు" అని తమిళంలో నలుగురికీ వినపడేటట్టు అంది. 

అత్త వైపు వంగి తెలుగులో అన్నాను. "ఈమె గొంతు చూడత్తా, మైకు మింగినట్టుంది."

అత్త కాయ తుడుస్తూనే, తల ఎత్తకుండా అంది. "మైకుకైనా కరెంటు పోతాది. ఈమెకు అదీ పోదు."

నాకు నవ్వు ఆగలేదు. అత్త నోట అలాంటి మాట వినడం అదే మొదలు. ఆ రోజు సగం గంప తిరిగి మోసుకొచ్చాం. అయినా నాకు గుర్తుండిపోయింది ఆ నవ్వే.

తర్వాత వారానికి మూడు రోజులు పోవడం మొదలుపెట్టాం. ఎంత తొందరగా బయలుదేరినా మాకు చివరి అరుగులే దొరికేవి. ఆకుకూరలామెకు కుళాయి దగ్గరుంటే కట్టల మీద నీళ్ళు చల్లుకోవడానికి వీలని ఆమె కావాలనే అక్కడ కూర్చునేది. అందుకని ఎప్పుడూ పక్కపక్కనే. తమిళంలో ఒకటి రెండు మాటలు తప్ప పెద్ద మాటల్లేవు. నేనూ అత్తా మాత్రం తెలుగులో ఆమె గురించి మాట్లాడుకోని రోజు లేదు. ఆమె ముక్కుపుడకలు, ఆమె వక్కాకు నమిలే తీరు, బేరమాడేవాళ్ళను ఆమె కసిరే కసురు. చుట్టూ అంతా తమిళం. మా మాట మా ఇద్దరి మధ్య గోడ కట్టుకున్నట్టు ఉండేది. నిజం చెప్పాలంటే అత్తా నేనూ స్నేహితులమైంది ఆ గోడ వెనకే. ఇంట్లో మేము అన్ని మాటలు మాట్లాడుకున్నది లేదు.

అమ్మకం మాత్రం అలాగే ఉంది. ఎండెక్కేసరికి గంపలో సగం మిగిలేది. సంత మూసే వేళకు ఒక మనిషి వచ్చేవాడు. హోటళ్ళకు కూరగాయలు వేసే వ్యాపారి. మిగిలినదంతా కలిపి ఇంతకిస్తావా అని బోర్డు మీది ధరలో సగం కూడా లేని ధర అడిగేవాడు. మోసుకుపోయే ఓపిక లేక ఒకటి రెండుసార్లు ఇచ్చేశాం కూడా. ఆ రోజూ వచ్చాడు. ముందటి కంటే ఇంకా తగ్గించి అడిగి, "త్వరగా చెప్పమ్మా, వ్యాను నిలబెట్టి వచ్చాను" అన్నాడు.

అత్త నా వైపు తిరిగి తెలుగులో అంది. "ఇచ్చేస్తాము లేమ్మా. మళ్ళీ బస్సులో మోసుకోని పోలేము. నడుము విరిగిపోతా ఉండాది."

నేను తల ఊపబోతున్నాను. ఇంతలో పక్కనుంచి ఉరిమినట్టు వినిపించింది.

"ఇయ్యొద్దు! గమ్మునుండు!"

తెలుగు. అచ్చమైన తెలుగు. మేమిద్దరం ఒకేసారి తల తిప్పాం. ఆకుకూరలామె నడుం మీద చేయి పెట్టుకొని లేచి నిలబడి ఉంది. మా మొహాలు చూడనే లేదు. వ్యాపారి వైపు తిరిగి తమిళంలో అందుకుంది.

"ఈ కాయకు ఆ ధరా? పొద్దున వచ్చి బోర్డు చూసి కొను. ఆడోళ్ళు అలిసిపోయే వేళ చూసుకొని వచ్చి అడుగుతావా? పో, నీ వ్యాను నీకోసం కాచుకొని ఉంది."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె తాపీగా కూర్చొని వక్కాకు వేసుకుంది. నాకు మా మాటలన్నీ గుర్తొచ్చాయి. మైకు మింగింది అన్నాం. కరెంటు పోదు అన్నాం. ఇంకా ఏమేమి అన్నామో!

అత్తే ముందు అడిగింది. "మీరు తెలుగోళ్ళా?"

"కాకపోతే? పుట్టింది విరుదునగర్ పక్క, నల్లరేగడి సీమ. ఈడికి ఇచ్చినారు."

"ఇన్ని నాళ్ళూ ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఎట్ల వదినా?" అంటూ ఆమె నోరారా నవ్వింది. "నన్ను గురించి మీరు మాట్లాడుకునేది నాకు ఎట్ల వినపడేది? మా ఇంటాయన ఇరవై ఏండ్లుగా నాకొక మంచి మాట చెప్పలే. మీరు దినం తప్పకుండా నా ముక్కుపుడకల గురించి మాట్లాడతా ఉంటిరి. వినేదానికి సుకంగా ఉండె!"

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగక కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ మిగిలిన కాయలను కూడా ఆ రోజు మోసుకుపోలేదు. ఆకుకూరలామె తన ఆఖరి కట్టలతో కలిపి, "కీరై కొంటే పక్కన వంకాయ చూసి పోండి" అని కేకలేసి అమ్మి పెట్టింది.

అప్పటినుంచి ఆమె అత్తకు వదిన. నాకైతే చిన్నత్త.

చిన్నత్త దగ్గర నేర్చుకున్నవన్నీ చిన్న చిన్న సంగతులే. మేము కాయలన్నీ ఒకే కుప్పగా పోసేవాళ్ళం. "కుప్ప పోస్తే మండీ సరుకనుకుంటారు, పరిచి పెట్టు" అంది. లేత చిన్న కాయలు గుత్తికి ఒక వరుస, నడితరం కాయలు పులుసుకు ఒక వరుస, పెద్దవి కాల్చి పచ్చడికి ఒక వరుస. అత్త కళ్ళకు, చేతులకు ఆ పని ఊపిరి తీసుకున్నంత తేలిక. వరుసలు చూడగానే కొనేవాళ్ళకు ఏది కావాలో తెలిసిపోయేది. గిల్లి చూసేవాళ్ళు తగ్గారు. నా 'ంగ' గురించి కూడా చిన్నత్త మాట మార్చింది. "ఆ పిలుపు విడవకు. మదురైలో ఇంత మర్యాదగా పిలిచేవాళ్ళు యాడుండారు? ఇంకా కొంచెం గట్టిగా అను, అంతే." నిజంగానే కొందరు ఆ మాట వినడానికే నాతో బేరమాడేవారు. ఏ కాయ ఎలా వండాలో అడిగితే అత్త మెల్లగా చెప్పేది. నేను అది పైకి చెప్పేదాన్ని. నువ్వులు, ఎండుమిరప వేయించి కూరడం, నీళ్ళు పోయకుండా నూనెలోనే మగ్గించడం. వండినవాళ్ళు మళ్ళీ వచ్చి ఎలా కుదిరిందో చెప్పిపోయేవారు.

అంతా బాగుందనుకుంటుంటే బస్సు ఇబ్బంది పెట్టింది. కొత్తగా వచ్చిన కండక్టరు సంచులు ఎక్కనిచ్చేవాడు కాదు. ఒక రోజు మమ్మల్ని ఎక్కించుకోకుండానే బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు వచ్చేసరికి ఎండొచ్చింది. సంత చేరేసరికి జనం పలచబడ్డారు. అత్త ఆ రోజు ఇంటికొచ్చి, "కాయ పండించేది కష్టం కాదు, దాన్ని ఆడికి చేర్చేదే కష్టం" అని మామతో అంది. మామ మంచం మీదనుంచి, "నేను చెప్తినే" అన్నాడు. ఆయనకు కొంచెం తృప్తిగా కూడా ఉండిందనుకుంటాను.

దానికీ దారి చిన్నత్తే చూపింది. ఆమె బంధువుల్లో ఒకతనికి చిన్న సరుకుల బండి ఉంది. ఒక ఇంటివాళ్ళే బాడుగ ఇచ్చుకోలేరు. మా దారిలో ఉన్న పల్లెల్లో ఇంటింటికీ నేనూ అత్తా తిరిగి అడిగాం. బెండకాయ వేసినవాళ్ళు, బీర వేసినవాళ్ళు, సొరకాయ పందిరి ఉన్నవాళ్ళు, అంతా ఎవరి చేను వాళ్ళు, ఎవరి సంచి వాళ్ళు అన్నట్టు ఉండేవాళ్ళే. ముందు ఎవరూ ఒప్పుకోలేదు. ఒక ముసలామె మాత్రం, "మీరు పోతా ఉండారు కదా, నేనూ వస్తాను" అని సొరకాయలు తెచ్చి పెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు. అలా బండి నిండింది. బాడుగ పంచుకుంటే బస్సు టిక్కెట్టు, లగేజీ కంటే పెద్ద తేడా లేదు. సంచుల మధ్య కూర్చొని చిన్నత్తతో సహా ఆడవాళ్ళమంతా పోయేవాళ్ళం. ఆ బండిలో తమిళం, తెలుగు కలిసిపోయేవి. ఒకరి మాట ఒక భాషలో మొదలై ఇంకొక భాషలో ఆగేది. చల్లగాలికి కొత్తిమీర వాసన తగులుతుండేది. సంత గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ బండే.

ఒక రోజు బండి ఎక్కేసరికి చిన్నత్త లేదు. ఆమె కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఆసుపత్రికి పోయిందట. కోసిన ఆకు మాత్రం ఆమె మొగుడు బండిలో వేసి, "మీ వదిన చూసుకోమని చెప్పింది" అని అత్తతో చెప్పి వెళ్ళిపోయాడు. సంతలో రెండు అరుగులూ మేమే పరిచాం. వంకాయ ఒక పూట ఓర్చుకుంటుంది. ఆకుకూర అలా కాదు. నీళ్ళు చల్లుతూనే ఉన్నాం, అయినా ఎండ పొడుచుకొచ్చేసరికి తోటకూర తల వాల్చడం మొదలుపెట్టింది. చిన్నత్త కేక లేకపోయేసరికి జనం ఈ వైపు రావడం లేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు వాకిలి దాకా పోవడం లేదు.

అత్త ఆ వాడిన కట్టను చేతిలోకి తీసుకొని చూసింది. పక్కన పెట్టింది. మళ్ళీ తీసుకుంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది. నేను ఎవరికో చిల్లర ఇస్తున్నాను.

"రాండమ్మా రాండి! లేత ఆకు! పొద్దున కోసిన ఆకు! వాడిపోయేలోగా రాండి!"

నా చేతిలో చిల్లర జారింది. గొంతు మొదట కీచుమని విరిగి, రెండో మాటకు నిలదొక్కుకొని, మూడో మాటకు రేకుల కప్పును తాకింది. అది మా అత్త గొంతని ఒక్క క్షణం నాకే తెలియలేదు. పైగా అదంతా తెలుగులో. ఆమెకు ఆ సంగతి తెలియనే తెలియదు. లోపల ఏ మాట ఉందో అదే వచ్చేసింది.

సంతంతా తిరిగి చూసింది. బడి పిల్లను చేత్తో పట్టుకున్న ఒక తల్లి నవ్వుకుంటూ వచ్చి రెండు కట్టలు తీసుకుంది. ఎదురుగా టమోటాలు పెట్టుకున్న పెద్దాయన, "అవ్వ ఏ భాషలో పిలిచినా పని నడుస్తోందే!" అన్నాడు. అప్పుడు తెలిసింది అత్తకు. సిగ్గుపడి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. చివరి కట్ట పోయేదాకా అలాగే నిలబడి తెలుగులోనే పిలిచింది.

సంత మూసే వేళకు చూసుకుంటే చిన్నత్త గంప ఖాళీ. మా వంకాయలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. ఆ హడావుడిలో వాటి సంగతే మరచిపోయాం.

"మనవి మిగిలినాయే అత్తా!"

"మనవి రేపటికి ఉంటాయి" అంది. గొంతు బొంగురుపోయి సరిగా మాట రాలేదు. బండిలో దారంతా నీళ్ళు తాగుతూనే ఉంది.

చిన్నత్త మనవరాలి వార్తతో తిరిగొచ్చాక, ఈ కథ బండిలో ఒక్కొక్కరూ ఒక్కొక్క తీరుగా చెప్పారు. "నా ముందర ఒకసారి పిలువు వదినా" అని ఆమె పట్టుపట్టింది. అత్త ఆ రోజు పిలవలేదు. నాలుగు రోజులకు పిలిచింది. తర్వాత అలవాటైపోయింది. చిన్నత్త తమిళంలో ఒక కేక, అత్త తెలుగులో ఒక కేక. చివరి అరుగులైనా జనం వెతుక్కుంటూ వచ్చేవారు. తెలుగు మరిచిపోతున్న మదురై ఇళ్ళవాళ్ళు కొందరు ఆగి, తమ అవ్వ ఇలాగే మాట్లాడేదని చెప్పి, రెండు మాటలు తడుముకుంటూ మాట్లాడి, కాయలు కొనుక్కొని పోయేవారు.

మామ కర్ర పట్టుకొని నడిచే నాటికి ఒక రోజు బండెక్కి మాతో వచ్చాడు. అత్త వెనక స్టూలు వేసి కూర్చోబెట్టాం. పొద్దంతా ఆయన ఆమె కేకలు వింటూ ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు సంచుల మీద కూర్చొని అడిగాడు.

"ఇన్ని ఏండ్లూ ఇంట్లో ఈ గొంతు యాడ దాచి పెడితివి?"

"ఇంట్లో అమ్మేదానికి ఏముండె?" అంది అత్త.

బండంతా గొల్లున నవ్వింది. మామ కూడా.

ఆ రోజులు కొన్నేళ్ళు నడిచాయి. తర్వాత చిన్నత్త వాళ్ళు గుత్తకు చేసే భూమిని దాని సొంతదారు ప్లాట్లు వేసి అమ్మేశాడు. ఆమె కోయంబత్తూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. అత్తకు మోకాళ్ళు అరిగి బండెక్కలేకపోయింది. ఇప్పుడు నేనే పోతున్నాను. ఆడవాళ్ళకు టౌను బస్సు ఉచితమైనా, మాకు ఆ బండే నప్పింది. డ్రైవరు మాత్రం మారాడు. కొందరు కొనేవాళ్ళు ముందురోజే ఫోనులో చెప్పేస్తారు, వాళ్ళకు సంచి కట్టి పెడతాను. పని తేలికైంది. ఆ పొద్దులు మాత్రం తిరిగి రాలేదు. పక్క అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుంటారు, మంచివాళ్ళే. అయినా ఏదైనా నవ్వొచ్చే సంగతి కనిపిస్తే ఇప్పటికీ తెలుగులో చెప్పబోయి పక్కకు తిరుగుతాను.

పోయినేడు అత్తను తీసుకొని కోయంబత్తూరు వెళ్ళాను. చిన్నత్త కొడుకు ఇల్లు మా పుట్టింటికి రెండు వీధుల అవతలే. మేడ మీద పాత పెయింటు బకెట్లలో తోటకూర వేసింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. మా అత్తకు చెవి కొంచెం మందగించింది. అందువల్ల మాటలు వీధి దాకా వినిపించాయి. బెండకాయను తెలుగులో ఎవరింట్లో ఏమని అంటారో, ఎవరి మాట సరైనదో అని మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. బయలుదేరేటప్పుడు చిన్నత్త బకెట్లలోని ఆకంతా గిల్లి, తడిగుడ్డలో చుట్టి అత్త సంచిలో పెట్టింది.

"అంతా కోసేస్తివే" అంది అత్త.

"మళ్ళీ వస్తాది వదినా, వేరు ఉండాది కదా."

ఇంటికి వచ్చిన మర్నాడు ఆ ఆకుతోనే పప్పు చేశాను. మామ తిని, ఇంకా ఉందా అని అడిగాడు. ఎక్కడిదో అత్తే చెప్పింది, నడింట్లోనుంచి, వంటింట్లో ఉన్న నాకు కూడా వినపడేటట్టు.